పొద్దున చూసుకునే ఒక్క అంకె

షుగర్ రిపోర్టు చేతికొచ్చిన రోజు సాయంత్రానికే మా ఇంట్లో అన్నం ఆగిపోయింది. ఫాస్టింగ్ 168, పోస్ట్ లంచ్ 262, మూడు నెలల యావరేజ్ 8.4. డాక్టర్ గారు మాట్లాడింది ఐదు నిమిషాలు, చుట్టాలు మాట్లాడింది నెల రోజులు. ఒకరు కాకరకాయ రసం తాగమన్నారు, ఒకరు మెంతులు నానబెట్టమన్నారు. విశాఖలో ఉండే మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, మాత్రలు మాత్రం మొదలుపెట్టకురా, ఒకసారి అలవాటైతే ఇక జన్మంతా మింగాల్సిందే" అంది. మా ఆవిడ బియ్యం డబ్బా పైఅరలోకి ఎక్కించి గోధుమపిండి కిందికి దించింది. నేనేమో ఒక గ్లూకోమీటర్ కొనుక్కొచ్చి రోజూ నిద్ర లేవగానే వేలు పొడుచుకోవడం మొదలుపెట్టాను. 130 వస్తే ఆ రోజంతా హుషారు, 150 వస్తే టెన్షన్.

ఏడాది పాటు ఇంటిల్లిపాదీ "ఏం తినకూడదు?" అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని వేలాడాం. నా మట్టుకు నాకు షుగర్ లొంగడం మొదలైంది అంకెలు చదవడం నేర్చుకున్నాకే. ఏ అంకె దేని గురించి చెబుతుందో, దేని గురించి నోరు మెదపదో తెలిస్తే తిండి, నడక, మందులు ఒక వరసలోకి వస్తాయి. ఇక్కడ రాస్తున్నది పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 గురించి. టైప్ 1లో ఇన్సులిన్ తయారీయే దాదాపుగా ఆగిపోతుంది కాబట్టి మొదటి రోజు నుంచీ ఇంజెక్షన్ తప్పదు. దాని లెక్కలు వేరు.

రాత్రి తినకపోయినా పొద్దున ఎందుకు పెరుగుతుంది?

"రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, మరి 150 ఎక్కడి నుంచి వచ్చింది?" ఈ ప్రశ్న వేయని షుగర్ పేషెంటు ఉండరేమో. దీనికి జవాబు లివర్ దగ్గర దొరుకుతుంది. మనం నిద్రపోతున్నా మెదడుకు గ్లూకోజ్ కావాలి. అందుకని లివర్ తన దగ్గర దాచుకున్నదీ, అప్పటికప్పుడు తయారుచేసినదీ కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. "ఇక చాలు" అని దానికి చెప్పేది ఇన్సులిన్. షుగర్ ఉన్నవాళ్లలో ఆ మాట సరిగా వినపడదు. కుళాయి కట్టేయకుండా వదిలేసినట్టు గ్లూకోజ్ కారుతూనే ఉంటుంది. దానికి తోడు తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి మనల్ని లేపే పనిలో ఉంటాయి. అవి షుగర్‌నీ పైకి తోస్తాయి. కాబట్టి ఫాస్టింగ్ అంకె ముఖ్యంగా లివర్ రాత్రి డ్యూటీ ఎలా చేసిందో చెబుతుంది. నిన్న మధ్యాహ్నం పెళ్లి భోజనంలో ఏం జరిగిందో దానికి పెద్దగా గుర్తుండదు.

భోజనం కథ చెప్పేది పోస్ట్ లంచ్. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర నుంచి రెండు గంటలు లెక్క, చెయ్యి కడుక్కున్నాక కాదు. ఇందులో మనవాళ్లు చేసే చిన్న మోసం ఒకటుంది. ల్యాబ్‌కి రక్తం ఇచ్చే రోజున మాత్రం రెండు ఇడ్లీలు తిని వెళతారు. పరీక్ష పాసవుతారు. రోజూ మధ్యాహ్నం తినే భోజనం తర్వాత ఎంత పెరుగుతోందో డాక్టరుకీ తెలియదు, వాళ్లకీ తెలియదు. నేనూ ఆ బాపతే. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే రోజూ ఫాస్టింగ్ చూసుకోవడం కంటే, వారానికి రెండు మూడుసార్లు రోజూ తినే భోజనమే తిని రెండు గంటలకు చూసుకుంటే తెలిసేది ఎక్కువ. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఎన్నిసార్లు చూసుకోవాలో డాక్టరే చెప్పాలి.

మూడోది హెచ్‌బీఏ1సీ, మొదట్లో చెప్పిన మూడు నెలల యావరేజ్ ఇదే. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అది రక్తంలో తిరిగినంత కాలం అందులోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అంటుకుంటూనే ఉంటుంది. రక్తంలో షుగర్ ఎంత ఎక్కువగా ఉంటే అంత ఎక్కువ అంటుకుంటుంది. ఆ శాతాన్నే కొలుస్తారు కనుక రెండు మూడు నెలల చరిత్ర బయటపడుతుంది. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ ఉన్నట్టు. 6 అంటే సగటున 126, 7 అంటే 154, 8 అంటే 183, 9 అంటే 212 అని గుర్తుపెట్టుకోవచ్చు. చాలామందికి 7 లోపు లక్ష్యంగా పెడతారు. డెబ్బై ఐదేళ్లు దాటి ఇతర జబ్బులూ ఉన్న పెద్దావిడకు మాత్రం 8 దగ్గర ఉన్నా డాక్టర్లు కంగారు పడరు, లో షుగర్ వచ్చి కింద పడిపోవడం ఆవిడకు అంతకంటే ప్రమాదం కనుక.

ఈ సగటుకీ ఒక లోపం ఉంది. ఒకరికి రోజంతా 150 చుట్టూ ఉండొచ్చు, ఇంకొకరికి 60కి పడి 280కి లేస్తూ ఉండొచ్చు, ఇద్దరి సగటూ ఒక్కటే రావచ్చు. పైగా ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. తలసీమియా లాంటివి ఉండి రక్తకణాలు తొందరగా చనిపోతుంటే తక్కువ చూపిస్తుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే కదా. అందుకే హిమోగ్లోబిన్ ఎంతుందో చూడకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కటే పట్టుకుని నిర్ణయానికి రాకూడదు.

ఇక గ్లూకోమీటర్. దానికి అంతర్జాతీయ ప్రమాణమే 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. అసలు 130 ఉంటే మీటరు 111 చూపించినా, 149 చూపించినా అది పాడైనట్టు కాదు. నేను ఏడాది పాటు హుషారుకీ టెన్షన్‌కీ మధ్య ఊగింది ఈ తేడా మీదే! మామిడిపండు కోసిన చేత్తో వేలు పొడిస్తే ఇంకా ఘోరం, రసంలోని చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని చూడాలి.

సన్నగా ఉన్నాను కదా, నాకెందుకు?

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన ఒంటి తీరు మొత్తం ఆ ఒక్క ఫొటోలో ఉంది. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు. కండ తక్కువ, లివర్ చుట్టూ కొవ్వు ఎక్కువ. తిన్న గ్లూకోజ్‌లో పెద్ద వాటా కండరాల్లోకే వెళ్లాలి. ఆ గోదాము చిన్నదైతే సరుకు రోడ్డు మీద ఉండిపోతుంది.

అందుకే మనకు బీఎంఐ 23 దాటితే చాలు, బరువు ఎక్కువన్నట్టు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సాయంతో దేశమంతటా చేసిన ఇండియాబ్ సర్వే 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని గుమ్మంలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. వీళ్లందరూ లావుగా ఉన్నవాళ్లు కారు, మిఠాయిలు తిన్నవాళ్లూ కారు. నడక మంచిదే, వారానికి 150 నిమిషాలు నడిచేవాళ్లూ ఉన్నారు. కానీ గోదాము పెంచే పని, అంటే బరువులు ఎత్తడం, గుంజీళ్లు తీయడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం మనవాళ్ల లెక్కలో లేదు. యాభై ఏళ్ల మనిషి గుంజీళ్లు తీస్తుంటే ఇంట్లో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

అన్నం మీద పడ్డ నింద

ఒక కప్పు అన్నంలో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మూడు మామూలు పుల్కాల్లోనూ అటూ ఇటుగా అంతే. రాత్రికి అన్నం మానేసి నాలుగు చపాతీలు తిన్నవాళ్లు కొన్నిసార్లు ఎక్కువే తిన్నట్టు. చపాతీతో వచ్చే లాభం ఏమిటంటే లెక్క తెలుస్తుంది. అన్నం ముద్దలకు లెక్క ఉండదు.

అసలు చిక్కు మన భోజనం వరసలో ఉంది. ముందు పచ్చడి, అందులో అన్నం. తర్వాత పప్పు, అందులో అన్నం. కూర, చారు, చివరికి పెరుగు, ప్రతిదానికీ మళ్లీ కాస్త అన్నం. ఏ వంటకానికా వంటకం అన్నాన్ని లోపలికి చేర్చే బండిలా పనిచేస్తుంది. ఐదుసార్లు వడ్డించుకున్న ఆ "కాస్త" కలిపితే రెండున్నర కప్పులు. దీన్ని విప్పుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ముందు ఒక గిన్నెడు కూర, ఒక కప్పు పప్పు, ఉంటే ఒక గుడ్డో చేప ముక్కో ఉత్తగా తినేసి, ఆ తర్వాత ఒక కప్పు అన్నం ఒక్కసారే పెట్టుకోవాలి. పీచు, ప్రొటీన్ ముందు కడుపులోకి వెళితే తర్వాత వచ్చే పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుందని పరిశోధనల్లో తేలింది. నేను ఇలా చేసి చూసిన మొదటి వారం, అదే అన్నం, అదే కూర, రెండు గంటల అంకె నలభై దాకా తగ్గింది. తిన్న వెంటనే పది నిమిషాలు వీధి చివరి దాకా నడిచొస్తే ఇంకొంచెం తగ్గుతుంది. మా ఆవిడకు ఈ పద్ధతి ఇప్పటికీ నచ్చదు. "కూర ఉత్తగా తినడం ఏమిటండీ, పసిపిల్లాడిలా" అంటుంది.

బియ్యం రకం వల్లా తేడా ఉంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి తెగులు తట్టుకునే గుణం జోడించి, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి మెరుగైన సాంబ మసూరిని తయారుచేశాయి. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ దాదాపు 51. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఆర్‌ఎన్‌ఆర్ 15048, మనం తెలంగాణ సోనా అని పిలిచేది, అదీ ఆ దరిదాపుల్లోనే. గ్లూకోజ్‌ని 100గా పెట్టుకుని వేసే ఈ కొలతలో 55 లోపు ఉంటే నెమ్మదిగా అరిగేదని అర్థం. మామూలు పాలిష్ బియ్యం చాలావరకు 70 చుట్టూ ఉంటాయి. "షుగర్ రైస్" అని బోర్డు పెట్టి అమ్మేవాటిని నమ్మి రెండింతలు తింటే మాత్రం ఫలితం మొదటికే వస్తుంది.

రాగి జావ గురించి ఒక మాట. రాగులు మంచివే. మెత్తగా పిండి పట్టించి, ఉడికించి, జావ చేసి గటగటా తాగితే ఆ పిండి అరగడానికి కడుపుకు పనే మిగలదు. షుగర్ వేగంగా లేస్తుంది. కొర్రలు, సామలు అన్నంలా వండుకుని, నమిలి తింటే నయం. బెల్లం, తేనె కూడా రక్తంలోకి వెళ్లాక చక్కెరే. అరిసెలో బెల్లమే కదా అని మూడు తినడానికి వీల్లేదు, ఒకటి తిన్నందుకు కుమిలిపోవాల్సిన పనీ లేదు. బంగినపల్లి సీజన్లో భోజనం మీద పండు తినే బదులు, సాయంత్రం టిఫిన్ మానేసి సగం పండు తింటే రెండు గంటలకు మీటరే తీర్పు చెబుతుంది.

మాత్రలు మొదలుపెడితే జన్మంతానా?

అక్క భయం చాలామందికి ఉంది, దాని వెనక ఒక లాజిక్కూ ఉంది. మాత్ర వేసుకున్నవాళ్లందరూ ఏళ్ల తరబడి వేసుకుంటూ కనిపిస్తారు, మోతాదు పెరుగుతూ కనిపిస్తుంది. కానీ పెంచుతున్నది మాత్ర కాదు. షుగర్ బయటపడే నాటికే ఇన్సులిన్ తయారుచేసే కణాల శక్తి సగానికి సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనంలో తేలింది. ఆ తరుగు తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది, దాన్ని అందుకోవడానికి మందు పెరుగుతుంది. అదే అధ్యయనం చెప్పిన ఇంకో సంగతి నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. మొదటి ఏళ్లలో షుగర్ గట్టిగా అదుపు చేసినవాళ్లకూ, అంతగా చేయనివాళ్లకూ మధ్య అంకెల తేడా ప్రయోగం ముగిసిన ఏడాదికే చెరిగిపోయింది. అయినా పదేళ్ల తర్వాత, 2008లో లెక్క చూస్తే మొదటి గుంపులో గుండెపోట్లు, మరణాలు తక్కువగానే ఉన్నాయి. తొలి ఏళ్లలో పడ్డ కష్టం బ్యాంకులో వేసిన డిపాజిట్‌లా పెరుగుతూ ఉంటుందన్నమాట. "ఆరు నెలలు కాకరకాయ రసంతో చూద్దాం" అని మనం పోగొట్టుకునేది సరిగ్గా ఆ ఏళ్లనే.

మందు లేకుండా బయటపడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. బ్రిటన్‌లోనే జరిగిన డైరెక్ట్ అనే పరిశోధనలో రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారంతో కొన్ని నెలలు గడిపి బరువు తగ్గించుకునే పద్ధతిలో పెట్టినవాళ్లలో, ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే హెచ్‌బీఏ1సీ 6.5 కిందికి వచ్చింది. రెండేళ్లకు ఆ సంఖ్య 36 శాతానికి దిగింది. బరువు మళ్లీ పెరిగితే షుగర్ కూడా తిరిగొస్తుంది. డాక్టర్ల పర్యవేక్షణలో, ఆరేళ్ల లోపు షుగర్ ఉండి, బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో జరిగిన పని అది. ఇంటర్నెట్‌లో చూసి సొంతంగా మాత్రలు ఆపేయడానికి సర్టిఫికెట్ కాదు.

షుగర్‌కు ఎక్కువగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీలను పాడుచేస్తుందన్నది ఇంకో అపోహ. కిడ్నీలను పాడుచేసేది అదుపు తప్పిన షుగర్, బీపీ. కిడ్నీలు అప్పటికే బలహీనపడితే మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గిస్తారు, ఇంకా బలహీనపడితే ఆపేస్తారు. ఆ వార్త కాస్తా తిరగబడి ఊళ్లో ఇలా తిరుగుతోంది. దాని అసలు దుష్ఫలితం గురించి ఎవరూ మాట్లాడరు. ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. మాంసం, గుడ్లు తినని ఇళ్లలో ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది. కాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే అనుకుంటాం, కొన్ని బీ12 లోపం వల్ల. రక్తపరీక్షలో తెలుస్తుంది, మందూ ఉంది.

ఇన్సులిన్ అనగానే "ఇక చివరి దశ" అని ఏడ్చే ఇళ్లు చూశాను. అది ఒంట్లో తగ్గినదాన్ని బయటి నుంచి పోయడం, అంతే. భయపడాల్సింది సిరంజి విషయంలో. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. 100 యూనిట్లదీ ఉంది. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ రంగు మూత సిరంజి. 40 ఇన్సులిన్‌ని నారింజ సిరంజితో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. అటుది ఇటైతే, 100 ఇన్సులిన్‌ని ఎర్ర సిరంజితో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు వెళతాయి. మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. మందుల షాపులో సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూడకుండా డబ్బులివ్వకండి.

షుగర్ 70 కిందికి పడితే చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, అకారణంగా చిరాకు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇది అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు మాత్రం నిజమైన ప్రమాదం. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి, అప్పటికీ లేవకపోతే ఇంకోసారి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, రంజాన్ రోజాలు ఉండేవాళ్లు ఎప్పటిలా పొద్దున మాత్ర వేసుకుని తిండి మానేయడం వల్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు. ఉపవాసానికి రెండు మూడు వారాల ముందే డాక్టరుకు చెబితే మాత్ర, వేళ మార్చి ఇస్తారు. డాక్టర్ గారు తిడతారని చెప్పకుండా చేసేవాళ్లే ఎక్కువ.

అంకెలకు అందనివి

కన్ను, కిడ్నీ, పాదం. ఈ మూడూ పాడవుతున్నా మొదట్లో ఏమీ తెలియదు. చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. కిడ్నీలకు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ఒక్కటే చూస్తే ఆలస్యమవుతుంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష అంతకంటే ఏళ్ల ముందే హెచ్చరిస్తుంది, అడిగి మరీ చేయించుకోవాలి. బీపీ, కొలెస్టరాల్ సంగతి చెప్పనే అక్కర్లేదు, షుగర్ ఉన్నవాళ్లలో ప్రాణం తీసేది ఎక్కువగా గుండెజబ్బే.

పాదం దగ్గర మాత్రం మన జీవితమే వేరు. గుడికి చెప్పుల్లేకుండా వెళతాం. ఎండాకాలం మధ్యాహ్నం తిరుమల మాడవీధుల్లో రాయి కాలుతుంటే స్పర్శ ఉన్నవాడు గంతులేస్తూ తెల్ల రంగు వేసిన బాట మీదికి వెళ్తాడు. స్పర్శ పోయినవాడు నింపాదిగా నడుస్తాడు. బొబ్బ లేచిన సంగతి రూముకొచ్చాక, దుప్పటికి తడి అంటితే తెలుస్తుంది. అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, అయ్యప్ప దీక్ష 41 రోజులు, రెండూ వట్టి కాళ్లే. వెళ్లొద్దని నేను ఎవరికీ చెప్పలేను, నేనే వెళతాను. వెళ్లే ముందు పాదాలకు స్పర్శ పరీక్ష చేయించుకోవడం, తెల్లవారకముందే నడక ముగించడం, రాత్రి అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకోవడం, ఆనెలను బ్లేడుతో కోసుకోకపోవడం మన చేతిలో ఉన్నవి.

ఆ స్పర్శ పరీక్ష నాకు షుగర్ బయటపడ్డ నాలుగో ఏట చేశారు, అప్పటిదాకా ఎవరూ చేయలేదు, నేనూ అడగలేదు. సన్నటి నైలాన్ దారం లాంటిది ఒకటి పట్టుకుని, "కళ్లు మూసుకోండి, తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నారు డాక్టర్ గారు. చెబుతూ వచ్చాను. కళ్లు తెరిచేసరికి ఆవిడ ఇంకా ఆ దారాన్ని నా ఎడమ బొటనవేలి కింద నొక్కి పట్టుకునే ఉన్నారు. ఆ రోజు పొద్దున నా ఫాస్టింగ్ 118.